అక్క మొహం నిండిన ఏడాది

కోడుమూరులో మా ఇంటికీ అక్క ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడ అవతలి నుంచి వచ్చే రొట్టె చప్పుడుకు నిద్ర లేవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి అరచేతులతో తిప్పుతూ తడితే ఒక వరసలో చప్పుడు వస్తుంది. ముద్ద మందంగా ఉన్నప్పుడు మెత్తగా, పలచబడేకొద్దీ గట్టిగా వినిపిస్తుంది. అక్క చెయ్యి ఎక్కడా తడబడేది కాదు. బావ పోయాక ఆమె ఆ చేతుల మీదే బతికింది. హోటళ్లకూ పెళ్లిళ్లకూ రొట్టెలు చేసి ఇచ్చేది. నన్ను ఫార్మసీ చదివించిందీ ఆ చేతులే.

నాది బస్టాండు దగ్గర మందుల అంగడి. డాక్టరు చీటీతో వచ్చేవాళ్లు కొందరే. ఎక్కువమంది వచ్చి గల్లా ముందు నిలబడి, "ఒళ్లంతా పట్టేసిండాది, ఒక సెట్టు ఇయ్యప్పా" అని అడిగేవారు. సెట్టు అంటే ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాసు మాత్ర, ఒక చిన్న తెల్ల మాత్ర. మూడింటినీ రేకుల్లోంచి విడిపించి చిన్న కాగితం కవర్లో వేసి ఇచ్చేవాణ్ని. రేకు మీద పేరుంటే పక్క అంగడికి పోయి కొనుక్కుంటారని, అందుకే తీసేస్తున్నానని పనివాళ్లకు చెప్పేవాణ్ని. అందులో కొంత నిజం ఉంది. ఆ చిన్న తెల్ల మాత్ర స్టీరాయిడ్ అని ఎవరికీ తెలియకూడదన్నది మిగతా నిజం. చీటీ లేకుండా దాన్ని ఇవ్వకూడదు. ఎందుకు ఇవ్వకూడదో కూడా నేను చదువుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నకు మంచి మార్కులే వచ్చినట్టు గుర్తు.

మా ఊళ్లో కుళాయి నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు డ్రమ్ములూ తొట్లూ నింపి పెట్టుకుంటాం. పగలు కుట్టే దోమకు అంతకన్నా మంచి చోటు దొరకదు. ఆ వానాకాలం చికున్‌గున్యా ఇంటింటికీ తిరిగింది. జ్వరం కొద్ది రోజుల్లో పోయేది. నొప్పులు పోయేవి కావు. జనం నడుములు వంగి, గోడలు పట్టుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ నా అంగడికి వచ్చేవారు.

ఆ నొప్పికి కారణం నాకు పుస్తకంలో చదివిన మేరకు తెలుసు. ఒంట్లోకి క్రిమి దిగగానే శరీరం దాన్ని పట్టుకోవడానికి లేస్తుంది. వేడి పుట్టిస్తుంది, వాపు తెస్తుంది, కావలసిన కణాలను అక్కడికి పంపుతుంది. జ్వరమూ వాపూ రోగం పనే అనుకుంటాం కానీ, చాలావరకు అవి శరీరం తనను కాపాడుకోవడానికి చేసే పనులు. పని అయ్యాక ఆ ఉద్రేకం దిగిపోవాలి. కొందరిలో దిగదు. క్రిమి పోయినా కీళ్లలో పోరు సాగుతూనే ఉంటుంది. తరమడానికి ఎవరూ మిగలకపోతే శరీరం సొంత కీళ్లనే కొడుతుంది. చిన్న తెల్ల మాత్ర ఆ పోరును ఆపుతుంది. ఎంత బాగా ఆపుతుందంటే, మంచం దిగలేని మనిషి మరుసటి రోజు వేరుశనక్కాయలు పీకడానికి పోతాడు. అలా పోయినవాళ్లు నన్ను దేవుణ్ని చేశారు. నేను వద్దనలేదు.

అక్కకు జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత గోడ అవతలి చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూస్తే పొయ్యి ముందు కూర్చుని ఉంది. రెండు మణికట్లూ ఉబ్బి ఉన్నాయి. వేళ్లు ముడవడం కావడం లేదు.

"పిండి పిసికితే ముళ్ల మీద చెయ్యి పెట్టినట్టుండాదిరా. ఈ చేతులు నావేనా అనిపిస్తాంది," అంది.

"సెట్టు ఇస్తా, వేసుకో."

"పనిజేస్తాదా?"

"ఊరందరికీ పనిజేస్తాంది. నీకు చేయదా?"

మూడో రోజు చప్పుడు మొదలైంది. గోడ ఇవతల పడుకుని దాన్ని విన్నప్పుడు నాకు కలిగిన ఆనందంలో అక్క మీది ప్రేమ ఎంతో, నా మందు మీది గర్వం ఎంతో ఇప్పుడు విడదీయలేను.

కొద్ది రోజులకని ఇచ్చిన మాత్ర అది. ఆపితే వాపు మళ్లీ వచ్చేది. పెళ్లిళ్ల కాలం, ఒప్పుకున్న రొట్టెలున్నాయి. మళ్లీ ఇచ్చాను. అలా ఇస్తూనే పోయాను. ఒకసారి కోడుమూరుకు మందుల అంగళ్లు తనిఖీ చేసే అధికారి వచ్చి పోయాడు. ఆ రోజు అక్కకు చెప్పాను: "ఎవురన్నా అడిగితే నొప్పి మాత్రలని చెప్పు. అంతకన్నా చెప్పొద్దు." ఆమె ఎందుకని అడగలేదు. తలూపింది.

రొట్టెలకు వచ్చేవాళ్లకు అక్క తన చేతులు తిప్పి చూపించేది. "మా తమ్ముడు ఇచ్చినాడు. యాడికీ పోవద్దు, వాని దగ్గరికే పో," అనేది. వాళ్లు నేరుగా అంగడికి వచ్చి, "రొట్టెలక్క తినే సెట్టే ఇయ్యి. వేరేది వద్దు," అనేవారు. నా అంగడికి బోర్డు కన్నా అక్క చేతులే ఎక్కువ ప్రచారం చేశాయి.

చలికాలానికి అక్క మొహం నిండింది. మా మనిషి ముందునుంచీ సన్నం. మొహంలో ఎముకలు తేలి ఉండేవి. ఆ బుగ్గలు గుండ్రమయ్యాయి, గదువ కింద నునుపు వచ్చింది. కరువు చూసిన ఊళ్లలో మొహం నిండిందంటే ఇంట్లో పొయ్యి బాగా వెలుగుతోందని అర్థం. చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు.

"ఏమక్కా, యవ్వారం బాగుండాదే! మొహం పున్నమి చందురుడయింది."

"మా తమ్ముని మాత్రల మహిమ," అనేది అక్క నవ్వుతూ.

ఆ మాట అక్షరాలా నిజమని అక్కడున్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు. స్టీరాయిడ్ ఎక్కువకాలం వాడితే మొహం అలాగే చంద్రుడిలా అవుతుందని, అది బలుపు కాదు వాపు అని, ఫార్మసీ చదివిన ఎవరినడిగినా చెబుతారు. అయినా మెచ్చుకునేవాళ్లతో కలిసి నేనూ నవ్వాను. అంతే కాదు, ఆమె నిజంగానే కోలుకుంటోందని కొన్ని రోజులు నమ్మాను కూడా. ఊరంతా ఒక మాట అంటుంటే చదువు పక్కకు జరిగి కూర్చుంటుందని అప్పుడు తెలిసింది.

ఎండాకాలం మొదట్లో దగ్గు వచ్చింది. పొయ్యి పొగ అనుకున్నాం. టానిక్కు ఇచ్చాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. చేతులూ కాళ్లూ పుల్లల్లా అయ్యాయి, మొహం మాత్రం గుండ్రంగానే ఉంది. ఆ మొహం చూసే ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి కఫంలో రక్తపు చార కనబడ్డాక కర్నూలుకు తీసుకుపోయాను.

ఊపిరితిత్తుల డాక్టరు కఫం పరీక్ష చేయించి, ఎక్స్‌రే తీయించి, క్షయ అని చెప్పాడు.

"ఇంట్లో ఎవరికైనా ఉండేదా?" అని అడిగాడు.

"మా అవ్వకు ఉండె సార్. శానా ఏండ్ల కిందట. ఆమె పక్కలోనే పండుకుంటాంటిని నేను," అంది అక్క.

ఆ క్రిమి అప్పుడే ఒంట్లోకి వచ్చి ఉంటుందని డాక్టరు వివరించాడు. కొందరిలో శరీరం దాన్ని పూర్తిగా చంపలేకపోతుందట. చుట్టూ కణాలతో గోడ కట్టి, లోపలే కదలకుండా కాపలా కాస్తుందట. మనిషి మామూలుగా బతికేస్తాడు. కాపలా బలహీనపడితే అది ఎన్ని ఏళ్ల తర్వాతైనా బయటికి వస్తుంది. చెబుతూ ఆయన అక్క మొహం వైపు చూశాడు. తర్వాత ఆమె ముంజేతి మీది కమిలిన మచ్చల వైపు చూశాడు.

"అమ్మా, ఒళ్లు నొప్పులకు ఏమైనా మాత్రలు వాడుతున్నారా? చిన్న తెల్ల మాత్రలు?"

అక్క నా వైపు చూడకుండానే చెప్పింది. "నొప్పి మాత్రలు సార్. అంతే."

ఆయన నన్ను అడిగాడు. "మీరేం చేస్తారు?"

"యాపారం," అన్నాను.

అది అబద్ధం కాదు. అందుకే సులువుగా వచ్చింది.

ఆయన క్షయ మాత్రలు రాసి, మిగతావన్నీ ఆపేయమన్నాడు. ఆ మాట విన్నాక లేచి బయటికి వచ్చి, వరండాలో ఆగాను. నెలల తరబడి బయటినుంచి స్టీరాయిడ్ ఇస్తే, ఒళ్లు తనకు కావలసిన స్టీరాయిడ్‌ను తాను తయారు చేసుకోవడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే మనిషి కూలిపోతుంది. ఇదీ నాకు తెలుసు. తలుపు నా వెనకే ఉంది. తోసి లోపలికి పోయి ఒక్క మాట చెబితే సరిపోయేది.

"ఏమిరా, నిలబడిపోతివి?" అంది అక్క.

"ఏం లేదు. బస్సుకు టైమయింది."

నా తెలివి మీద నాకు అప్పటికీ నమ్మకం ఉంది. ఎవరికీ చెప్పకుండా నేనే కొంచెం కొంచెంగా తగ్గిద్దామనుకున్నాను. చిన్న తెల్ల మాత్రను బ్లేడుతో రెండు ముక్కలు చేసి ఇచ్చాను, కొన్నాళ్లకు నాలుగు ముక్కలు. అక్క క్షయ మాత్రలు వేసుకుని, మూత్రం ఎర్రగా వస్తోందని భయపడితే, అది మందు రంగే అని ధైర్యం చెప్పాను. అన్నీ నా చేతిలోనే ఉన్నాయనిపించింది.

రోజురోజుకూ ఆమె నీరసపడింది. తిన్నది కక్కేది. లేస్తే కళ్లు తిరిగేవి. వాడకట్టంతా క్షయ మాత్రలు వేడి అని తేల్చారు. మజ్జిగ పోయమన్నారు, సబ్జా గింజలు నానబెట్టి తాపమన్నారు. నేనూ సరేనన్నాను. వేడి అంటే నా తప్పు అందులో లేదు.

ఒక పొద్దున గోడ అవతల ఏ చప్పుడూ లేదు. రొట్టెలు చేసినా చేయకపోయినా గిన్నెల చప్పుడైనా ఉండేది. వెళ్లేసరికి అక్క పొయ్యి పక్కన పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లు చల్లగా, చెమటతో ఉంది. పలకరిస్తే పెదవులు కదిలాయి.

కారు మాట్లాడి కర్నూలు తీసుకుపోయాను. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ రక్తపోటు చూసి, మళ్లీ చూసి, నర్సును కేకేసింది. సెలైన్ ఎక్కిస్తూనే నన్ను అడిగింది.

"క్షయ మందులు కాకుండా ఇంకేం వాడుతోంది? త్వరగా చెప్పండి."

నేను నోరు తెరిచేలోగా మంచం మీద నుంచి అక్క చెయ్యి కొంచెం లేచింది. లేదు, ఏమీ లేదు అన్నట్టు ఆడింది. కళ్లు సరిగా నిలపలేని మనిషికి, నేను నేర్పిన పాఠం మాత్రం గుర్తుంది.

అప్పుడు చెప్పాను. మాత్ర పేరు, ఎంత మోతాదు, ఎప్పటినుంచి, ఎలా తగ్గించాను, అన్నీ. డాక్టరమ్మ మొహంలో కోపం కనిపించలేదు. ఆ సమయంలో ఆమెకు దానికి తీరిక లేదు. ఒక ఇంజెక్షన్ పేరు చెప్పింది. నర్సు పరుగెత్తింది. ఏ మందును నేను చీటీ లేకుండా ఇచ్చి ఇక్కడిదాకా తెచ్చానో, ఆ జాతి మందునే నరంలోకి ఎక్కించారు. మధ్యాహ్నం దాటాక అక్క ఒంటికి వెచ్చదనం వచ్చింది. సాయంత్రానికి నీళ్లు అడిగింది.

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"తగ్గిస్తూ వచ్చానన్నారు కదా. క్షయ మందుల్లో ఒకటి మీ స్టీరాయిడ్‌ను కాలేయంలో వేగంగా విరగ్గొట్టేస్తుంది. మీరు ఇచ్చిన సగం మాత్రలో ఒంటికి అందింది ఎంతో తక్కువ. మొదటి రోజే చెప్పి ఉంటే, మోతాదు పెంచి, తర్వాత మెల్లగా తగ్గించేవాళ్లం. మీది మందుల అంగడా?"

"అవునమ్మా."

"ఇంకెంతమందికి ఇస్తున్నారు?"

జవాబు చెప్పలేకపోయాను. సిగ్గు ఒక కారణం. నిజంగా తెలియకపోవడం ఇంకో కారణం. పేర్లు లేని మాత్రలు, పేర్లు రాసుకోని మనుషులు.

కొద్దిగా కోలుకున్నాక అక్క మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. నా మాత్ర ఒంటి కాపలాను అణచిందని, అవ్వ దగ్గర్నుంచి వచ్చి ఇన్నేళ్లు లోపల పడి ఉన్న క్రిమి అందుకే లేచిందని చెప్పాను. ఆమె కిటికీ వైపు చూస్తూ వింది. మా నాయనకు ఒకప్పుడు గొర్రెల మంద ఉండేది. అక్కకు అది గుర్తొచ్చినట్టుంది.

"అంటే, తోడేలు పోయినాక గూడ కుక్కలు ఊరికే అరిసి మన గొర్రెల్నే పీకుతాండె. నువ్వు కుక్కల్ని కట్టేసినావు."

"అవునక్కా."

"కట్టేస్తే నిమ్మళమాయె. అయితే కంప చాటున ముసలి తోడేలు ఇంగోటి పండుకోని ఉండె."

"అవును."

"నీకు ఎరికేనా, అది ఉంటాదని?"

"ఉండొచ్చని ఎరిక. చూడలేదు."

ఆమె దుప్పటిని మోకాళ్ల మీదికి లాక్కుంది. తర్వాత, "మొహం నిండిందని ఊరంతా దిష్టి తీసిరి కదరా," అని నవ్వబోయి దగ్గింది. నేను నవ్వలేదు.

ఊరికి తిరిగి వచ్చాక సెట్లు కట్టడం ఆపాను. నాకు గుర్తున్న వాళ్ల దగ్గరికి పోయి చెప్పాను: ఒక్కసారిగా ఆపొద్దండి, ముందు డాక్టరుకు చూపించి ఏం తిన్నారో చెప్పండి అని. మాత్ర పేరు కాగితం మీద రాసి ఇచ్చాను. కొందరు పోయారు. మా వీధి చివర బట్టలు కుట్టే ముసలి సాయిబు ఆ కాగితాన్ని వెలుగులో పట్టుకుని చూసి, వెనక్కి ఇచ్చాడు.

"దుడ్లు తీస్కోని నువ్వే ఇస్తివి. ఇప్పుడు నువ్వే జహర్, విషం అంటాండావు. ఏ మాట నమ్మాల భయ్యా?"

"ఇప్పటి మాట."

"అప్పుడు గూడ ఇట్లనే ధైర్యంగా చెప్తివి కదప్పా."

కాగితాన్ని ఆయన కుట్టుమిషను మీదే పెట్టి వచ్చాను. తర్వాత ఆయన కొడుకు ఆయన్ను కర్నూలులో చూపించాడని విన్నాను. గుర్తులేని వాళ్లు చాలామంది. కూలికి వచ్చి పోయినవాళ్లు, బస్సు ఆగినప్పుడు దిగి కొనుక్కున్నవాళ్లు. వాళ్లలో ఎవరి ఒంట్లో ఏది లేచిందో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. సెట్టు అడిగేవాళ్లు ఇప్పుడు ఎదురు అంగడికి పోతారు. నేను ఆపడం వల్ల ఊళ్లో సెట్టు ఆగలేదు. నా చేత్తో ఇవ్వడం ఆగింది, అంతే.

అక్క క్షయ మందుల కోర్సు పూర్తయింది. స్టీరాయిడ్‌ను డాక్టర్లు నెలల మీద మెల్లగా దింపి ఆపారు. మొహం మళ్లీ ఎముకలు తేలింది. "ఏమక్కా, ఇట్ల చిక్కిపోతివి!" అని చూసినవాళ్లు బాధపడతారు. "ఇదేనప్పా నా మొహం," అంటుంది. కీళ్ల కోసం కర్నూలులో వేరే మందు రాశారు. అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించాలి. అది నిదానంగా పనిచేస్తుంది. కొన్ని పొద్దుల్లో రొట్టె చప్పుడు వస్తుంది, మధ్యమధ్య ఆగుతూ. కొన్ని పొద్దుల్లో రాదు.

మొన్న ఒక పెళ్లికి రొట్టెలు ఒప్పుకుంది. తెల్లారేసరికి చేతులు పట్టేశాయి. గోడ మీద తట్టి నన్ను పిలిస్తే వెళ్లాను.

"రేయ్, ఒక్క చిన్న మాత్ర ఇయ్యి. ఈ పొద్దుకే."

"లేదక్కా."

"లేదా, ఇయ్యవా?"

"ఇయ్యను."

"ఊరందరికీ ఇస్తివి. నాకాడికి వచ్చేతలికి నీతి గుర్తొచ్చిండాదా?"

"ఊరందరికీ గూడ ఇయ్యడం లేదు."

"అబ్బో! సన్యాసం తీసుకున్నాడు," అని మొహం తిప్పుకుంది. కళ్లలో నీళ్లున్నాయి. నొప్పి వల్లా, ఒప్పుకున్న పని పోతుందన్న భయం వల్లా. ఈ చేతులే నన్ను చదివించాయి. ఆ చదువుతో నేను చేసింది ఇది. ఒక్క మాత్రతో ఏమవుతుందన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది. మొదటిది కూడా ఒక్క మాత్రే.

చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను. చేతులు కడుక్కుని ఆమె పీట ముందు కూర్చున్నాను.

"జరుగు."

"ఏం జేస్తావు?"

"రొట్టెలు."

"నువ్వా!" అంది. కానీ జరిగింది. వేడినీళ్లు ఎన్ని పోయాలో చెప్పింది. ముద్ద చేసి తట్టడం మొదలుపెట్టాను. మొదటిది అంచులు పగిలి, పీటకు అంటుకుని చిరిగిపోయింది.

"పిండిని కొడతాండావా, దొంగను కొడతాండావా? బలం వద్దురా. తిప్పుతా తట్టు. తిప్పుతా."

రెండోదీ పగిలింది. తర్వాతవి పెనం దాకా వెళ్లాయి. గుండ్రంగా రాలేదు. అక్క వాటిని కట్టె పుల్లతో తిరగేస్తూ, ఇవి పెళ్లికి కాదు, మనం తినేదానికి అని పక్కన పెట్టింది. బాగా వచ్చినవాటిని వేరే పేర్చింది. ఆ దొంతర చిన్నదే. తర్వాత సాయానికి పక్కింటామెను పిలిచాం.

కొంచెం ఎండ ఎక్కాక రొట్టెలు తీసుకుపోవడానికి వంటమనిషి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఏమక్కా, బజారు కాడికి వినపడతాండాది, ఈ పొద్దు చప్పుడు యాడో తేడా ఉండాదే?"

"కొత్త కూలోడు," అంది అక్క, నా వైపు చూడకుండా.

"పనికొస్తాడా?"

"చూడాల," అని నా ముందుకు ఇంకో ముద్ద తోసింది.